ఉరుములకు వణికే కుక్కకు పాట అలవాటు చేయడం ఎలా

తిత్లీ తుపాను వెళ్లిన వారానికి, అంటే 2018 అక్టోబరులో, ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వరండాలోకి ఒక గోధుమరంగు కుక్కపిల్ల వచ్చి చేరింది. నాలుగు రోజులు తిండి పడేసరికి ఒళ్లు గుండ్రంగా వచ్చింది. బూరి అని పేరు పెట్టాం. వీధిలో ఆంబోతు ఎదురొచ్చినా పక్కకు తప్పుకోని ధైర్యం దానిది. గాలి హోరుమన్నా, ఆకాశం ఉరిమినా మాత్రం మంచం కింద దూరి గోడకు అతుక్కుపోతుంది.

మరుసటి ఏడాది దీపావళికి దాని భయం పోగొడదామని నేనొక పని చేశాను. అది చెబుతాను, మీరు చేయకండి. కుక్కలకు ప్రశాంతత అని పేరున్న వీడియో ఒకటి ఫోన్‌లో పెట్టి, బ్లూటూత్ స్పీకరును దాని గోనెపట్టా పక్కనే ఉంచి, టపాసుల మోత వినపడకూడదని సౌండు మొత్తం పెంచేశాను. బయట బాంబులు, లోపల పియానో. పది నిమిషాలకు వీడియో మధ్యలో ప్రకటన వచ్చి ఎవడో గొంతు చించుకుని అరిచాడు. బూరి ఎగిరి దూకిన దూకుడికి నీళ్ల గిన్నె బోర్లాపడింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆ గదిలో అడుగు పెట్టలేదు. స్పీకరు కనబడితే చాలు, చెవులు వెనక్కి వాలిపోయేవి.

తప్పు సంగీతానిది కాదు. భయం మొదలయ్యాక, అలవాటు లేని చప్పుడును, చెవి దగ్గరే పెద్దగా పెట్టాను. కుక్క లెక్కలో అది ఇంకో బాంబు. ఏ గొడవా లేని రోజుల్లో, కడుపు నిండి కాళ్లు చాపుకుని పడుకున్న వేళల్లో విని విని అలవాటైన పాటే గొడవ రోజున కాస్త ఆసరా అవుతుంది. కాబట్టి దీపావళికి ఆరేడు వారాల ముందే మొదలుపెట్టండి. వేసవి సాయంత్రాల గాలివానలకైతే, ఇక్కడ కాలబైశాఖి అంటారు, ఫిబ్రవరిలోనే.

పరీక్షలు చేసినవాళ్లకు ఏం కనబడింది

ఇది వదిలేసి నేరుగా పనిలోకి దిగినా నష్టం లేదు గానీ, ఏ పని ఎందుకు చెప్పానో తెలియాలంటే చదవండి.

2002లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన డెబొరా వెల్స్, ఆమె తోటివాళ్లు కుక్కల ఆశ్రయంలో 50 కుక్కలకు రకరకాల శబ్దాలు వినిపించి చూశారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం పెట్టినప్పుడు కుక్కలు ఎక్కువసేపు పడుకున్నాయి, మొరగడం తగ్గించాయి. హెవీ మెటల్ అనే హోరెత్తించే రాక్ సంగీతం పెడితే మొరుగుడు పెరిగింది. పాప్ పాటలకు, మనుషుల మాటలకు పెద్దగా తేడా కనబడలేదు. 2012లో అమెరికాలోని కొలరాడోలో 117 కుక్కల మీద చేసిన పరీక్షలోనూ శాస్త్రీయ సంగీతానికి నిద్ర పెరిగింది, హెవీ మెటల్‌కు ఒళ్లు వణకడం పెరిగింది. కుక్కల కోసమే ప్రత్యేకంగా తయారుచేశామని అమ్మే సంగీతం అందులో ప్రత్యేకంగా ఒరగబెట్టిందేమీ లేదు. డబ్బు పెట్టి అలాంటివి కొనబోయే ముందు ఈ ముక్క గుర్తుంచుకోండి.

నాకు ఎక్కువ పనికొచ్చినవి స్కాట్లాండులో జరిగిన రెండు పరీక్షలు. గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు, అక్కడి జంతు సంరక్షణ సంస్థ స్కాటిష్ ఎస్‌పీసీఏ వాళ్లు కలిసి చేశారు. 2015లో ప్రచురించిన మొదటిదానిలో శాస్త్రీయ సంగీతానికి కుక్కలు మొదట బాగానే నెమ్మదించాయి. గుండె కొట్టుకునే తీరులోనూ ఆ తేడా కనబడింది. కానీ అదే సంగీతం రోజూ వింటుంటే వారం తిరక్కుండానే ఆ నెమ్మది తగ్గుతూ వచ్చింది. విసుగొచ్చిందన్నమాట. అందుకని 2017లో ప్రచురించిన రెండోదానిలో రోజుకో రకం వినిపించారు: సాఫ్ట్ రాక్, మోటౌన్ (అమెరికా నల్లజాతివారి పాటలు), పాప్, రెగె (జమైకా సంగీతం), శాస్త్రీయం. మారుస్తూ ఉంటే ప్రభావం నిలిచింది. అందరూ శాస్త్రీయమే గెలుస్తుందనుకుంటే గుండె లెక్కల్లో ముందు నిలిచినవి రెగె, సాఫ్ట్ రాక్. ఇంకో సంగతి కూడా బయటపడింది. సంగీతం ఉన్నప్పుడు మొరుగుడు తగ్గలేదు గానీ, దాన్ని ఆపేశాక మాత్రం కుక్కలు ఎక్కువ మొరిగాయి.

ఇవన్నీ ఆశ్రయాల్లోనో, కుక్కలను ఉంచే కెన్నెళ్లలోనో గదుల్లో పెట్టిన కుక్కల మీద చేసినవి. మన వరండా కుక్క బతుకు వేరు. అయినా మూడు సంగతులు ఇంటికి తెచ్చుకోవచ్చు: నెమ్మదైన సంగీతం పెట్టాలి, మారుస్తూ ఉండాలి, ఠక్కున ఆపకూడదు.

మొదటి పని: మూడు రోజులు ఊరికే చూడండి

పాట పెట్టకండి. ఒక పాత నోటుబుక్కు తీసుకుని, కుక్క మామూలుగా ఎలా ఉంటుందో రాసుకోండి. పడుకున్నప్పుడు పొట్ట పైకీ కిందికీ నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతోందో లెక్కపెట్టండి. హాయిగా నిద్రపోయే కుక్కకు సాధారణంగా ముప్ఫై దాటదు. మే నెల మధ్యాహ్నం లెక్కపెట్టి కంగారు పడకండి, ఎండకు నాలుక చాపి రొప్పడం వేరే సంగతి. పొద్దున్నే, చల్లటి పూట చూడండి.

భయం అనగానే మనం వణుకు, తోక ముడవడం, అరవడం మాత్రమే చూస్తాం. అవి చివర్లో వస్తాయి. అంతకు ముందే కుక్క చాలా చెబుతుంది. బూరి విషయంలో నేను గమనించిన వరస ఇది. ఎదురుగా తిండేమీ లేకపోయినా ముందు ఒకసారి మూతి నాక్కుంటుంది. తర్వాత నిద్ర రాని ఆవులింత. తర్వాత తల ఇటే ఉంచి కళ్లు మాత్రం పక్కకు తిప్పుతుంది, తెల్లగుడ్డు చంద్రవంకలా బయటపడుతుంది. ఆ తర్వాత ముందరి కాలొకటి నేలకు ఆనించకుండా ఎత్తి పట్టుకుంటుంది. లేచి గుమ్మానికీ మంచానికీ మధ్య తిరగడం మొదలెట్టిందంటే ఇక పది నిమిషాల్లో మంచం కిందే. ఇదంతా మనకు ఉరుము వినబడక ముందే జరిగిపోతుంది.

మీ కుక్క వరస మీరు కనిపెట్టండి. మూతి నాకుడు దగ్గర పట్టుకుంటే చేయగలిగింది చాలా ఉంటుంది. మంచం కింద చేరాక దాదాపు ఏమీ ఉండదు.

ఈ మూడు రోజుల్లోనే ఇంకొకటి చూడాలి. ఇన్నేళ్లూ చప్పుళ్లకు చలించని కుక్క ఉన్నట్టుండి భయపడడం మొదలుపెట్టిందా? ముఖ్యంగా వయసు మళ్లిన కుక్కయితే? అలాంటప్పుడు పాట దగ్గరకు రాకండి, పశువుల డాక్టరు దగ్గరకు వెళ్లండి. నడుము నొప్పో, కీళ్ల నొప్పో ఉన్న కుక్క పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడినప్పుడల్లా ఒళ్లు బిగుసుకుని నొప్పెడుతుంది. ఆ నొప్పి చప్పుడు వల్లే వచ్చిందని దానికి ముద్ర పడిపోతుంది. చెవిలో చీము, దురద ఉన్నా అంతే.

రెండో పని: మూల చూడండి

కుక్క తనంతట తాను వెళ్లి దాక్కునే చోటే దానికి గుడి. దాన్ని మార్చకండి. మంచం కిందయితే మంచం కిందే, బీరువా పక్క సందయితే ఆ సందే. అక్కడ ఒక గోనెపట్టా, మీరు కట్టి విడిచిన పాత చీరో లుంగీయో వేయండి. ఉతకకండి, మీ వాసన ఉండాలి. నీళ్లు దగ్గర్లో పెట్టండి. స్పీకరు మాత్రం ఆ మూలలో వద్దు, గది అవతలి కొసన పెట్టండి. చప్పుడు నచ్చకపోతే లేచి పక్క గదిలోకి పోయే దారి కుక్కకు ఎప్పుడూ తెరిచి ఉండాలి. గొలుసుతో కట్టేసి, గదిలో పెట్టి తలుపేసి పాట వినిపించడం వినిపించడం కాదు, శిక్ష.

ఎలుకలు పోవడానికని ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ యంత్రం ఇంట్లో ఉంటే తీసేయండి. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే వినబడదు. కుక్కకు 45,000 దాకా వినబడుతుంది. మనకు నిశ్శబ్దంగా ఉన్న ఇల్లు దానికి ఇరవై నాలుగు గంటలూ కీచుమంటూ ఉండొచ్చు. ప్లేయరు నుంచి సన్నగా వచ్చే ‘సీ’ అనే చప్పుడూ అంతే. పాత డొక్కు స్పీకరుకన్నా మామూలు ఫోనే నయం.

మూడో పని: ఏం పెట్టాలి

ఒక్కటే వాయిద్యం ఉన్నది వెతకండి. వీణ, వేణువు, ఫిడేలు, గిటారు, పియానో. నెమ్మదిగా సాగాలి, ఉన్నట్టుండి గట్టిపడకూడదు. నా కొండగుర్తు: గోడ గడియారం టిక్కు టిక్కుమనే వేగం దాటితే వద్దు.

మనకు కర్ణాటక సంగీతం చేతికందే దూరంలో ఉంది. విజయనగరం ఫిడేలు గురించి గొప్పలు చెప్పుకునే వైపువాళ్లం కదా. ఆలాపన భాగం చాలా బాగా పనికొస్తుంది: తాళం లేదు, తొందర లేదు. చిక్కంతా ఎక్కడొస్తుందంటే, కచేరీ రికార్డింగు పెట్టి మీరు వంటింట్లోకి వెళ్తారు, నలభై నిమిషాలకు తని ఆవర్తనం మొదలవుతుంది. మృదంగం, ఘటం పోటీ పడి వాయించేసరికి కుక్క లేచి కూర్చుంటుంది. ఆ వెంటనే చప్పట్లు. బూరికి మృదంగం కన్నా చప్పట్లే గిట్టవు, టపాసుల దండకు దగ్గరగా వినబడతాయి కాబోలు. అందుకని కచేరీలు వద్దు, స్టూడియోలో వాయించిన ఆలాపనలు ఏరుకోండి. నాదస్వరం, షెహనాయి గది లోపల వినడానికి పుట్టినవి కావు, వాటిని పెళ్లిపందిరికే వదిలేయండి.

పాటే అక్కరలేదు, చదువు కూడా పనిచేస్తుంది. ఇంగ్లండులో కుక్కల ఆశ్రయమొకదానిలో జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో, గొంతుతో చదివి రికార్డు చేసిన ఆడియో పుస్తకాలకు కుక్కలు సంగీతానికన్నా ఎక్కువ నెమ్మదించాయి. రేడియోలో నెమ్మదిగా సాగే ప్రసంగం పెట్టి చూడండి. ఇంకా మంచిది, మీరే పక్కన కూర్చుని పేపరు పైకి చదవండి. ఏ భాషలోనన్నది కుక్కకు పట్టదు. బూరి ‘ఇటు రా’ అన్నా వస్తుంది, ఒరియాలో ‘ఆసొ’ అన్నా వస్తుంది, బిస్కట్ కవరు చప్పుడుకు ఇంకా ముందు వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి నేను మాత్రం దానికి వాడుక భాషలోనే చదువుతాను.

ఒక పని తప్పక చేయండి. ఎంచుకున్నవన్నీ ముందే ఫోనులోకి దించుకోండి. నడుస్తున్న వీడియో మీద ఆధారపడితే మధ్యలో ప్రకటన వస్తుంది, ఫోన్ రింగవుతుంది, సిగ్నల్ పోతుంది. రింగు, నోటిఫికేషన్లు ఆపేసిన పాత ఫోను ఒకటి దీనికే కేటాయిస్తే ఇంకా సుఖం. గాలివాన వస్తే మొదట పోయేది కరెంటే కాబట్టి స్పీకరు చార్జింగు ఎప్పుడూ నిండుగా ఉండాలి.

నాలుగో పని: సౌండు

పాట నడుస్తుండగా గొంతు పెంచకుండా మీరు పక్కవాళ్లతో మాట్లాడగలగాలి. మాట్లాడలేకపోతే ఎక్కువైనట్టే. మా ఇంట్లో ఫోను సౌండు మూడో గీత దాటదు. ఇంతకు మించి చెప్పేదేం లేదు, మొదటిరోజు ఒక గీత తక్కువే పెట్టండి.

ఐదో పని: ఏమీ జరగని రోజుల్లో అలవాటు చేయండి

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా. నేను రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఎలా చేశానో చెబుతాను.

రాత్రి ఎనిమిదింటికి బూరి తిండి అయిపోతుంది, గోడవార చేరుతుంది. అప్పుడు పాట పెట్టడం. మొదటి మూడు రోజులు ఐదేసి నిమిషాలే. పాట మొదలైన అరనిమిషానికి ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి, గోరంత, దాని ముందు పెట్టేదాన్ని. మాట లేదు, నిమరడం లేదు. ఇంకో రెండు నిమిషాలకు ఇంకో ముక్క. ముందు పాట, తర్వాత ముక్క, ఆ వరస తారుమారు కాకూడదు. ముక్క చూపించి పాట పెడితే కుక్క దృష్టంతా మీ చేతి మీదే ఉంటుంది, పాట చెవికెక్కదు. మాంసం వండని ఇంట్లో పెరుగన్నం ముద్దో, ఉడికించిన గుమ్మడికాయ ముక్కో సరిపోతుంది. ఉల్లిపాయ తగిలిన కూర, కిస్మిస్, చాక్లెట్ మాత్రం ఎప్పుడూ పెట్టకండి, అవి కుక్కకు విషం.

పాత స్పీకరంటే దానికి హడలు కాబట్టి ఆ మూడు రోజులూ స్పీకరు తీయలేదు. ఫోనునే గిన్నెలు పెట్టే అలమరలో పెట్టి తలుపు ఓరగా వేశాను. పక్కింటి మామ్మ గోడ మీంచి చూసి, “ఏటమ్మా, కుక్కకి కచేరీ పెట్టినావా? మనుసులకే దిక్కులేదు!” అంది. మూడోరోజు ఆవిడే పీట తెచ్చుకుని కూర్చుంది.

నాలుగో రోజు నుంచి పది నిమిషాలు, రెండో వారానికి ఇరవై, ఆపైన అరగంట. అంతకు మించి పెంచలేదు. రోజంతా మోగే పాట కుక్కకు ఫ్యాను చప్పుడుతో సమానమైపోతుంది. వీణ రెండు రోజులు, వేణువు రెండు రోజులు, ఒకరోజు చదువు, ఒకరోజు గిటారు, ఒకరోజు ఏమీ లేదు. నోటుబుక్కులో ఎదురుగా రాసుకోవాల్సింది ఒకటే: ఎన్ని నిమిషాలకు తల నేలకు ఆనించింది. బూరికి వేణువు మొదటి నుంచీ పడలేదు. పైస్థాయి స్వరం వచ్చినప్పుడల్లా తల ఒక పక్కకు వంచి లేచిపోయేది. తీసేశాను. దానికి బాగా పట్టినవి వీణ, తర్వాత ఎవరో నెమ్మదిగా వాయించిన గిటారు. మీ కుక్కకు వేణువే నచ్చవచ్చు. పుస్తకం చెప్పిందని కాక, కుక్క పడుకుందా లేదా అన్నదే చూడండి.

ఎలా ఉంటే పట్టినట్టు? పడుకున్న కుక్క సింహద్వారం సింహంలా కాళ్లు ముందుకు పెట్టి తలెత్తి ఉంటే అది పడుకోలేదు, కాపలా కాస్తోంది. నడుము ఒక పక్కకు వాలి, వెనక కాళ్లు రెండూ ఒకవైపు పడి, గడ్డం నేలకు ఆనితే మొదటి మెట్టు. పూర్తిగా పక్కకు ఒరిగి కాళ్లు చాపేస్తే పనైనట్టు. ఒకోసారి ముక్కులోంచి పెద్ద నిట్టూర్పు వదులుతుంది, దాన్ని కూడా రాసుకోండి.

ఆరో పని: ఆపడం

ఠప్పున కట్టేయకండి. రెండు మూడు నిమిషాల్లో ఒక్కో గీత తగ్గించుకుంటూ రండి. కుక్క నిద్రపోతున్నా సరే.

ఏడో పని: మీరు బయటకు వెళ్లేటప్పుడు

చాలామంది చేసే పొరపాటు ఇది. తాళం చెవి తీసి, చెప్పులు వేసుకుని, పాట పెట్టి వెళ్లిపోతారు. నాలుగు రోజుల్లో కుక్క కనిపెట్టేస్తుంది: ఈ పాట వచ్చిందంటే వీళ్లు పోతున్నారు. ఇక పాట వినగానే గుమ్మం దగ్గర చేరి ఏడుపు. అందుకే పది సార్లు పాట పెడితే తొమ్మిదిసార్లు మీరు ఇంట్లోనే ఉండాలి. వెళ్లే రోజున కూడా చెప్పులు వేసుకోవడానికి పావుగంట ముందే మొదలుపెట్టండి. కొంచెంసేపు వెళ్లి రావడంతో మొదలెట్టండి, కిరాణా కొట్టు దాకా.

ఒంటరిగా వదిలినప్పుడల్లా తలుపు గీరి గోళ్లు ఊడగొట్టుకునే కుక్కకు, చొంగ కారుతూ ఇల్లంతా తడిపేసే కుక్కకు పాట చాలదు. అది జబ్బు కిందే లెక్క. డాక్టరుకు చూపించాలి.

అసలు రాత్రి

పర్లాకిమిడిలో దీపావళి సాయంత్రం నెమ్మదిగానే మొదలవుతుంది. ఒరియా ఇళ్ల ముందు కాఁవ్‌రియా పుల్లలు (ఎండు జనపనార కాడలు) వెలిగించి గతించిన పెద్దలను పిలుస్తారు, చూడముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాతే అసలు మోత. టపాసులు రాత్రి 8 నుంచి 10 వరకే అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మా వీధి పిల్లల గడియారం వేరు. కాబట్టి మీరు రెండు గంటలకు కాదు, ఇంకా చాలా ఎక్కువసేపటికి సిద్ధపడండి.

వెలుతురు ఉండగానే బయట తిప్పి తీసుకురండి, దొడ్డికి వెళ్లడం అప్పుడే అయిపోవాలి. ఎంత బుద్ధిమంతురాలైనా ఆ రోజు గొలుసు వదలకండి. ఒక్క తారాజువ్వకు బెదిరి పరుగెత్తిన కుక్క మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వైపు పోతే వెతకడం మీ తరం కాదు. మెడ పట్టీకి మీ ఫోను నంబరు రాసి కట్టండి. తిండి ఆరింటికల్లా పెట్టేయండి. కిటికీలు మూసి పరదాలు దించండి, మెరుపు వెలుగూ భయమే. సీలింగు ఫ్యాను పెద్దగా వేయండి, కూలరుంటే ఇంకా నయం. ఆ నిలకడైన హోరు బయటి మోతను కొంత మింగుతుంది. ఆ పని పాట చేయదు, పాటతో చేయించబోయే నేను భంగపడ్డాను.

మొదటి టపాసు పేలక ముందే పాట మొదలవ్వాలి. రోజూ పెట్టేదే, రోజూ ఉండే సౌండే. ఆ ఒక్క రాత్రికి అరగంట పరిమితి పక్కన పెట్టండి. బాగా పట్టినవి మూడు నాలుగు మారుస్తూ పడుకునేదాకా నడపండి.

కుక్క మంచం కింద దూరితే దూరనివ్వండి, లాగకండి. మీ దగ్గరకొచ్చి ఒళ్లో తల పెడితే చేయి వేయండి. భయపడ్డప్పుడు దగ్గరకు తీస్తే భయం ముదురుతుందని పెద్దవాళ్లంటారు గానీ అది నిజం కాదు. భయం మనం ఇచ్చే బహుమతి కోసం వచ్చేది కాదు కదా. చేయి మాత్రం నెమ్మదిగా, మెడ నుంచి నడుము దాకా పొడుగ్గా నిమరాలి. మీరే ఉలిక్కిపడి ‘అయ్యో తల్లీ’ అని అరిస్తే దానికి ఇంకా టెన్షన్.

గాలివాన సంగతి వేరు. దీపావళి తేదీ క్యాలెండరులో ఉంటుంది, కాలబైశాఖి ఉండదు. పడమట మబ్బు నల్లబడగానే పాట పెట్టేయండి, వాన రాకపోయినా పోయిందేం లేదు. పైగా మంచిదే: పాట వచ్చినా ఉరుము రాని రోజులు ఎక్కువ ఉంటేనే పాట మీద నమ్మకం చెడదు. ఉరుముల రికార్డింగు చిన్నగా వినిపించి, ముక్క పెట్టి, రోజురోజుకూ సౌండు పెంచుతూ అలవాటు చేసే పద్ధతి ఒకటుంది. టపాసులకు బాగా పనిచేస్తుంది. ఉరుముకు అంతంతమాత్రం, ఎందుకంటే నేల అదిరే ఆ లోతు శబ్దం ఫోను స్పీకరులో రానేరాదు, ముందొచ్చే గాలి, మెరుపు అందులో ఉండవు.

పెళ్లి ఊరేగింపు డీజేకు కూడా అంతే. కిటికీ అద్దాలు అదిరే దరువుకు వీణ ఎదురు నిలవదు. కుక్కను వీధికి దూరంగా ఉన్న వెనక గదిలోకి మార్చడమే దారి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పెళ్లివారితో ఆ మాట మాట్లాడాలా వద్దా అన్నది మీ వీధి మంచీచెడ్డా మీద ఆధారపడి ఉంటుంది.

పనిచేయకపోతే

ఆరు వారాలు ఓపిగ్గా చేశాక కూడా మార్పు లేకపోతే, లేదా భయంతో తనను తాను గాయపరచుకుంటుంటే, తిండి మానేస్తే, దగ్గరికెళ్తే కరవబోతుంటే డాక్టరును అడగండి. దీపావళికి ముందురోజు కాదు, నెల ముందు. టెన్షన్ తగ్గించే మందులు కుక్కలకూ ఉన్నాయి. అసలు రాత్రికి ముందే ఒకసారి వేసి చూడాలి, ఎంత వేయాలన్నది బరువును బట్టి డాక్టరే చెప్పాలి. ‘మత్తు మందు ఒకటివ్వండి, పడుంటుంది’ అని మీరు అడగకండి. కొన్ని మత్తు మందులు ఒళ్లు కదలకుండా చేస్తాయి గానీ లోపల భయం అలాగే ఉంటుంది. కదలలేని కుక్కకు టపాసులు వినబడుతూనే ఉంటాయి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు అసలు వేయకండి, ప్రాణాల మీదకు వస్తుంది.

బూరికి భయం పోలేదు. మొన్నటి గాలివానకు కూడా మూతి నాక్కుంది, ఆవులించింది, కాలెత్తింది. మంచం కిందకు వెళ్లింది కూడా. తేడా ఏమిటంటే ఒకప్పుడు వాన వెలిసిన రెండు గంటలకు గానీ బయటకు వచ్చేది కాదు, ఇప్పుడు వాన పడుతుండగానే మూతి బయటపెట్టి, గడ్డం నేలకు ఆనించి వింటోంది. నోటుబుక్కులో ఆ రోజు ఎదురుగా ‘పద్నాలుగు నిమిషాలు’ అని రాశాను.

ఇంకొక్కటి. దీపావళి మర్నాడు పొద్దున్నే కుక్కను వదిలే ముందు వాకిలి, పెరడు ఊడ్చేయండి. పేలని టపాసులు, మందు కాగితాలు వాసన చూసి కొరుకుతాయి. కొరికిందని అనుమానం వస్తే, వాంతి చేసుకుంటే, మిగిలిన ముక్కను కవర్లో వేసుకుని వెంటనే పశువుల ఆసుపత్రికి బయలుదేరండి.